వికారాబాద్ బరాత్‌లో జపాన్ గొడుగు పాట

ఆ రోజుల సంగతి ఇప్పటి పిల్లలకు చెప్పాలంటే ముందు ఒక కొలత ఇవ్వాలి. ఎనభైల చివర్లో, నాకు తెలిసి, తాండూరు మొత్తానికి వీడియో గేమ్ ఆడే టీవీ ఒక్కటే ఉండేది. దాని ముందు కూర్చుని ఆడేవాడు ఒక్కడే. వాడి వెనక నిలబడి "దుంకు! దుంకురా!" అని అరిచేవాళ్లు మాత్రం గదికి పట్టనంత మంది. ఇప్పుడు ప్రతి జేబులో ఒక ఆట ఉంది, వెనక నిలబడి అరిచేవాడు లేడు. ఏది లాభం, ఏది నష్టం అన్నది నేను తేల్చలేను. (తేల్చలేని లెక్క ఒకటి ఉందని ఒప్పుకోవడం నాకు కొంచెం కష్టమే. పదో తరగతితో బడికి దండం పెట్టి, తాండూరులో బండలు పాలిష్ చేసే కార్ఖానాలో కొలతలు చూస్తూ నాకు నేనే లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. గది గుమ్మంలో నిలబడి ఒకసారి చూస్తే ఎంత బండ పడుతుందో చెప్పేస్తాను. ఎవరూ అడగకపోయినా చెప్పేస్తానని మా ఇంట్లోవాళ్ల ఫిర్యాదు.) కానీ ఆ టీవీ ముందు విన్న ఒక పాట గురించి మాత్రం నాకు ఏ అనుమానమూ లేదు. జపాన్‌లో పుట్టిన ఆ పాటను బషీరాబాద్ నుంచి పూడూరు దాకా పెళ్లిపాట చేసిన మేళంలో పెద్ద డోలు కొట్టింది నేనే. ఇది గొప్ప చెప్పుకోవడం అంటారా? అవును, గొప్పే చెప్పుకుంటున్నాను.

స్టేషన్ రోడ్డులో మేమంతా చిచ్చా అని పిలిచే ఒక పెద్దమనిషికి రేడియోలు, గడియారాలు బాగుచేసే దుకాణం ఉండేది. ఆయన కొన్నేళ్లు సౌదీలో పనిచేసి తిరిగి వస్తూ ఒక కలర్ టీవీని, దానికి తగిలించే ఎర్రటి జపాన్ డబ్బాను తెచ్చాడు. తన పిల్లల కోసం తెచ్చిందే. కానీ "ఇంట్ల పెడితే పోరగాళ్ల చదువులు ఖరాబ్ అయితయి" అని దాన్ని దుకాణం వెనక గదిలో పెట్టి, ఊళ్లో మిగతావాళ్ల చదువులు ఖరాబ్ అయ్యేందుకు గంటల లెక్కన అద్దెకు ఇచ్చేవాడు. డబ్బాలో దోపే బిళ్లల మీద అన్నీ జపాన్ అక్షరాలే. ఆటల పేర్లు ఎవరికీ తెలియవు కాబట్టి మేమే పెట్టుకున్నాం. కార్లది కారు, కప్పలది కప్ప. అన్నిటికన్నా గొప్పది ఛత్రీ. అందులో ఒక పొట్టి మనిషి గొడుగు పట్టుకుని కొండల మీద నడుస్తూ, గుంతలు దుంకుతూ పోవాలి. పైన మూలకు ఒక గడియారం అంకెలు తగ్గించుకుంటూ వస్తుంది. అది సున్నాకు చేరేలోపు చివరన ఉన్న పొడవాటి కంబం మీదికి ఎగిరి, గొడుగుతో సహా కిందికి జారితే గెలిచినట్టు. మధ్యలో గుంతలో పడితే పోయినట్టు. అట్లా ఎవరైనా పడ్డప్పుడల్లా చిచ్చా రేడియోలోంచి తల ఎత్తకుండానే "గయా!" అనేవాడు. ఎన్ని వేల సార్లు అన్నాడో కానీ ఆ మాటలో విచారం ఏ రోజూ తగ్గలేదు.

అందరూ ఆ బొమ్మను చూసేవాళ్లు. నేను మాత్రం వినేవాణ్ణి. ఆ పాట ఎంత హుషారుగా ఉండేదంటే, పాలిష్ మిషన్ల రొదలో కూడా అది నా చెవిలో తిరుగుతూనే ఉండేది. వినగా వినగా ఒక సంగతి పట్టేశాను. ఎంత పెద్ద సందడి చేసినా ఆ డబ్బాలో వాయించేవాళ్లు నలుగురే. రెండు సన్న గొంతులు పాటను అందుకుంటాయి, కింద ఒక లావు గొంతు 'బొమ్ బొమ్' అంటూ నడుస్తుంది, నాలుగోది గిలక ఊపినట్టు 'చిక్ చిక్' అంటుంది. అంతే. జపాన్‌లో ఎవరో ఒక మహానుభావుడు నలుగురిని పెట్టుకుని ఇంత మేళం నడిపిస్తున్నాడని కనిపెట్టిన రోజు నాకు రాత్రి అన్నం సయించలేదు. ఇంకో సంగతి కూడా పట్టాను. పైన గడియారం వందకు దిగగానే పాట ఒక్కసారి ఉలిక్కిపడి, అదే పాట, రెట్టింపు వేగంతో మొదలవుతుంది. అప్పుడు ఆడేవాడి వేళ్లే కాదు, వెనక నిలబడ్డవాళ్ల కాళ్లు కూడా కదులుతాయి. నేను ఈ విషయాలు ఎంత వివరంగా చెప్పినా కార్ఖానాలో నా తోటివాళ్లు "నీకు ఆడరాదు గాని మస్తు చెప్తవురా" అనేవాళ్లు. అది నిజమే. గుంత ఎంత వెడల్పు, ఎంత దూరం నుంచి దుంకాలి అన్నది నాకు అడుగులతో సహా తెలుసు. నా బొటనవేలికే తెలియదు. "అరె బేటా, బటన్‌ను ప్యార్‌గ ఒత్తాలె. బండ పగలగొట్టినట్టు కొడ్తవేంది?" అని చిచ్చా నా చేతిలోంచి ఆ బటన్ల పలక లాక్కునేంత పని చేసేవాడు.

ఆ గదిలో ఛత్రీ ఆటను కంబం దాకా తీసుకుపోగలిగినవాడు ఒక్కడే. కరణ్‌కోట ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి బస్సులో నేరుగా వచ్చేవాడు. జుట్టు, కనుబొమలు, మీసం అన్నీ ఒకే బూడిద రంగులో ఉండేవి. మేం ఆయనకు సిమెంటన్న అని పేరు పెట్టుకున్నాం. మాట్లాడేవాడు కాదు, నవ్వేవాడు కాదు. ఆడుతున్నంతసేపు ఆ పాటతో పాటే సన్నగా ఈల వేసేవాడు. కంబం మీదినుంచి గొడుగు మనిషి జారగానే గెలుపు పాట వచ్చేది, మెట్లెక్కుతున్నట్టు పైకి పైకి పోయే నాలుగు ముక్కల పాట. ఆయన దాన్నీ ఈలలో పూర్తి చేసి, గద్దె మీద సిమెంటు ముద్ర వదిలి లేచిపోయేవాడు. చిచ్చా గుడ్డతో గద్దె తుడుచుకుంటూ "ఉస్తాద్ హై" అనేవాడు.

ఇక మా మామ సంగతి. మా అమ్మ తమ్ముడు. తాండూరులో బ్యాండు మాస్టర్. ఎర్ర కోటు, భుజాల మీద బంగారు జరీ కుచ్చులు, చేతిలో క్లారినెట్. ఒకప్పుడు ఆయన వెనక పన్నెండు మంది నడిచేవాళ్లు. ఒక్కొక్కరే సిమెంటు ఫ్యాక్టరీలో, బండల గనుల్లో పనికి కుదిరిపోయారు. మిగిలిన కొద్దిమంది మీద కూడా దెబ్బ కొట్టడానికి అప్పుడే జీపుల మీద డెక్కులు వచ్చాయి. పెద్ద పెద్ద స్పీకర్లు కట్టి, క్యాసెట్టు వేస్తే చాలు, బరాత్ నడిచిపోతుంది. డెక్కుకు ఆయాసం రాదు, ఆకలి కాదు, కోటు ఉతకక్కర్లేదు. ఒకరోజు మామ మా ఇంటికి వచ్చి, అమ్మ ఇచ్చిన చాయ్ చల్లారేదాకా చూస్తూ కూర్చుని అన్నాడు: "అక్కా, బషీరాబాద్ పటేల్ తాత మనుమని పెండ్లి ఉన్నది, వికారాబాద్‌ల. ముసలాయన బ్యాండే కావాలంటున్నడు. పోరగాళ్లు డెక్కు కావాలంటున్నరు. ఇద్దర్నీ మాట్లాడిండ్రు. ముందు నేను, ఎనకాల జీపు. నా బ్యాండుతోని బరాత్ మంచిగ నడిస్తే సరి, లేకుంటే నడుమల్నే డెక్కు పెడ్తరట. ఆ పెండ్లికి వచ్చేటోళ్లంతా ఈ సీజన్‌ల పెండ్లిళ్లు చేసేటోళ్లే. గక్కడ పరువు పోతే కోట్లు అమ్ముకునుడే." "ఎంతమంది ఉన్నరురా ఇప్పుడు నీ దగ్గర?" అంది అమ్మ. మామ తనను కూడా కలుపుకుని వేళ్లు చూపించాడు. నలుగురు. పెద్ద డోలు కొట్టేవాడు కూడా ఫ్యాక్టరీకి పోయాడు.

నలుగురు అనే మాట వినగానే నేను ఎగిరి గంతేశాను. "మామా! నలుగురితోని వాయించే పాట ఒకటి ఉన్నది. జపాన్ది!"

మామ నన్ను, తర్వాత అమ్మను చూశాడు. "అక్కా, పోరనికి జ్వరమా?"

మర్నాడే చిచ్చా దగ్గర టేప్ రికార్డరు అడిగి తీసుకుని, టీవీ ముందు పెట్టి, నేనే ఛత్రీ ఆడి పాటను క్యాసెట్టులోకి ఎక్కించాను. మామ దాన్ని మూడుసార్లు కళ్లు మూసుకుని విన్నాడు. నాలుగోసారి క్లారినెట్ అందుకున్నాడు. అక్కడ మా మామ గొప్పదనం చెప్పాలి. ఏ పాటైనా విన్నదాన్ని విన్నట్టు, ఆది నుంచి అంతం దాకా దింపేస్తాడు. రెండు రోజుల్లో బ్యాండు మొత్తం వాయించేసింది. క్లారినెట్, ట్రంపెట్ రెండు సన్న గొంతులు, పెద్ద బూర లావు గొంతు, సైడ్ డ్రమ్ము నాలుగోది. వంద దగ్గరి ఉలికిపాటు, తర్వాతి వేగం అన్నీ వచ్చాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో పాట చివరికి వచ్చింది, జర్రున కిందికి జారి 'టుప్' మని ఆగింది, ఆగగానే నలుగురూ ఒక్క గొంతుతో "గయా!" అని అరిచారు.

నా కళ్లలో నీళ్లు అక్కడే ఆగిపోయాయి. నేను ఆడితే ఏమవుతుంది? గుంతలో పడతాను. క్యాసెట్టులో పాటతో పాటు నేను పడ్డ పాట, దాని వెనక చిచ్చా అరుపు, అన్నీ వరసగా ఎక్కాయి. వీళ్లు మొత్తం ఒకే పాట అనుకుని, అరుపుతో సహా నేర్చుకున్నారు.

"మామా, చివరిది తీసెయ్యాలె. అది పాట కాదు. ఆ మనిషి సచ్చినప్పుడు వచ్చే పాట."

"ముక్తాయింపురా అది! కుండ పగిలినట్టు ఎంత మంచిగున్నది!"

"పెండ్లికొడుకు పందిట్ల కాలు పెట్టంగనే గా సావు పాట వాయిస్తవా? ఆయన దోస్తులు తాండూరుకు వచ్చిపోయేటోళ్లే, చిచ్చా దుకాణం తెలిసినోడు ఒక్కడున్నా చాలు. నవ్వి నవ్వి డెక్కు పెడ్తరు. ముసలోళ్లకు తెలిస్తే అపశకునమని కొడ్తరు."

మామ ముఖం చిన్నబోయింది. కానీ ఆయనకు రెండు నియమాలు ఉండేవి, వాళ్ల నాన్న నేర్పినవి. పెళ్లిలో మొదలుపెట్టిన పాటను మధ్యలో తెంపకూడదు, అది మొదటిది. డోలు ఆగితేనే పాట ఆగాలి, అది రెండోది. "తోక లేని పాట నేను వాయియ్య. ఇంకో పాట తోక తెచ్చి దీనికి అతికియ్య. నీ జపానాయన గెల్చినప్పుడు ఏదో పాట వస్తదంటివి గద, అది తెచ్చియ్యి. దాంతోనే ముగిద్దాం. తేకపోతివా, ఉన్నదే వాయిస్త. ఏం చేస్త మరి, ఈ పాటకు మించింది నా దగ్గర లేదు."

గెలుపు పాట నేను ఎన్నోసార్లు విన్నాను కదా, పాడి వినిపించవచ్చు కదా అని మీరనుకుంటారు. ప్రయత్నించాను. మామ చెవి దగ్గరగా పెట్టి విన్నాడు, ట్రంపెటాయన విన్నాడు, చివరికి మా అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి విన్నది. "బిడ్డా, గిది పాట తీరు లేదురా. ఎక్కాలు అప్పజెప్పినట్టున్నది" అంది. (మా వైపు బిడ్డ అంటే కూతురు. నా మీద ఉన్న ప్రేమతో ఆమె 'బిడ్డా' అంటే, నేను ఆడపిల్లనా అని చిన్నప్పటి నుంచీ పోట్లాడేవాణ్ణి. ఆ రోజు పోట్లాడే ఓపిక కూడా లేదు.) నా గొంతులో అంకెలకు ఉన్న చోటు స్వరాలకు లేదు. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఎవరైనా ఆ కంబం ఎక్కి గెలవాలి, మామ విని పట్టుకోవాలి.

సిమెంటన్న కోసం కరణ్‌కోట బస్సు దగ్గర కాపు కాశాను. బస్సు దిగిన ప్రతి బూడిద మనిషి మొహంలోకీ వెతికాను. రాలేదు. చిచ్చాను అడిగితే "చుట్టీ మీద ఉన్నడంట బేటా, ఇంట్ల ఏదో పని ఉన్నదంట" అన్నాడు. లోకంలో ఇన్ని రోజులు ఉండగా ఆయనకు ఇప్పుడే ఇంట్లో పని పడాలా అని తిట్టుకుంటూ, నేనే రంగంలోకి దిగాను. మామ పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం మొత్తం బ్యాండును వెంటబెట్టుకుని చిచ్చా గదికి వచ్చాడు. ఎర్ర కోట్ల నలుగురు, ఎవరి వాయిద్యం వాళ్లు ఒళ్లో పెట్టుకుని, నా వీపు మీద కళ్లు పెట్టి కూర్చున్నారు. నేను పడటం, చిచ్చా "గయా" అనటం, అలవాటు కొద్దీ వీళ్లు నలుగురూ "గయా" అనటం, చిచ్చా కోపంగా వెనక్కి చూడటం. ఇట్లా చాలాసేపు నడిచింది. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు, నా బొటనవేలు ఒక్కసారి లెక్క విన్నది. మొదటి గుంత దాటాను. రెండోది దాటాను. గడియారం వందకు దిగింది, పాట ఉరికింది, వెనక మామ "శభాష్ అల్లుడా, పో పో పో" అంటున్నాడు. ఎదురుగా కంబం. ఒక్క దుంకు. మామ క్లారినెట్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. నేను బటన్ మీద వేలు పెట్టాను.

కరెంటు పోయింది.

ఆ చీకటి తెరలో మా ఆరుగురి మొహాలు కనబడుతున్నాయి. చిచ్చానే, ఎవరినీ నొప్పించకుండా, మెల్లగా "గయా" అన్నాడు.

ఆ రాత్రంతా కరెంటు రాలేదు. మర్నాడు పొద్దున్నే తాండూరు స్టేషన్‌లో ప్యాసింజరు ఎక్కాం. డోలు కొట్టడానికి మనిషి లేడు కాబట్టి ఎర్ర కోటు నాకే తొడిగించాడు మామ. ఆ కోటు ఫ్యాక్టరీకి పోయిన లావాటాయనది. నాలాంటివాళ్లు ఇద్దరు పట్టేవాళ్లు. వికారాబాద్ వచ్చేదాకా మామను బతిమాలాను. కిటికీలోంచి బయటికి చూస్తూ "వికారాబాద్‌ల నీ ఛత్రీ ఎవనికి తెలుస్తదిరా? పోనియ్యి" అన్నాడు, కానీ ఆయన కూడా నిద్రపోలేదని కళ్లు చెబుతున్నాయి.

బరాత్ స్టేషన్ దగ్గరి విడిది నుంచి బయల్దేరింది. గుర్రం మీద పెళ్లికొడుకు, బాసింగం, మెడ నిండా పూలదండలు, తెల్లగా మెరిసిపోతున్న మొహం. పక్కన ఒకడు జరీ గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు. వెనక జీపు, జీపులో డెక్కువాడు, నోట్లో పాన్, వేలు మీట మీద. మామ నిజంగానే బాగా వాయించాడు, అదే కొంప ముంచింది. పెళ్లికొడుకు దోస్తులు నాలుగు బాటల దగ్గర నిలబడి ఎగరడం మొదలుపెట్టారు. ఎంత బాగా వాయిస్తే అంత ఎగురుతారు, ఎంత ఎగిరితే అంత అక్కడే ఉంటారు. కొంచెం నీరసంగా వాయిస్తే చాలు, "డెక్కు పెట్టుండ్రి వయా" అని జీపు వైపు తిరుగుతారు. ఆడపెళ్లివారి మనిషి సైకిల్ మీద వచ్చి "లగ్నం దగ్గరికొచ్చింది, పంతులు లొల్లి పెడ్తున్నడు" అని చెప్పి పోయాడు. కొంచెంసేపటికి మళ్లీ వచ్చాడు. ఈసారి సైకిల్ దిగకుండానే అరిచాడు. బషీరాబాద్ పటేల్ తాత కర్ర ఊపుకుంటూ మామ ముందుకు వచ్చాడు. ఆయనకు కోపం వస్తే సగం కన్నడం. "ఏనప్పా మాస్టరూ! నా మనుమని లగ్నం దాటిపోతే, నీకూ దండం, నీ బ్యాండుకూ దండం!" జీపులో డెక్కువాడు పాన్ ఉమ్మేసి సిద్ధమయ్యాడు.

మామ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. మామ ఛత్రీ పాట ఎత్తుకున్నాడు.

మొదట మామూలు నడక. దోస్తులు ఒక్క క్షణం ఆగి, "అరె, గిదెక్కడి పాటరా!" అని ఇంకా జోరుగా ఎగిరారు. రెండు చుట్లు తిరగనిచ్చి నేను డోలు మీద గట్టిగా ఒకటి వేసి "వంద!" అని అరిచాను. బ్యాండు ఉలిక్కిపడి ఉరికింది. ఇప్పుడు చూడాలి. ఆ వేగానికి ఎగరడం మనిషి వల్ల కాదు. ఎగరబోయిన కాలు ముందుకే పడుతుంది, పడ్డ కాలి వెనక ఇంకో కాలు రాక తప్పదు. ముందున్నవాళ్లు నడిచారు, వాళ్ల వెనకవాళ్లు గబగబా నడిచారు, గుర్రం చెవులు నిక్కబొడుచుకుని దుడుకు నడక అందుకుంది, గొడుగువాడు పరుగెత్తాడు, కొంగులు నడుముకు దోపుకుని ఆడవాళ్లు పరుగెత్తారు, పటేల్ తాత కర్ర చంకలో పెట్టుకుని అందరికన్నా ముందు పరుగెత్తాడు. డెక్కు జీపు స్టార్టు కాక అక్కడే నాలుగు బాటల దగ్గర ఉండిపోయింది. దారి పొడవునా దుకాణాలవాళ్లు బయటికి వచ్చి, ఎక్కడో ఏదో అంటుకుందేమో అని మేం వచ్చిన వైపు చూశారు.

పెళ్లింటి పందిరి కనబడింది. గుమ్మంలో హారతి పళ్లెంతో పెద్ద ముత్తయిదువ. లగ్నానికి ఇంకా సమయం ఉంది! మామ కళ్లతో సైగ చేశాడు: డోలు ఆపు, ముగిద్దాం. నేను ఆపితే ఏం వస్తుందో నాకు తెలుసు. జర్రున జారి, టుప్ మని, ఆపైన "గయా". నేను డోలు ఆపలేదు.

డోలు ఆగందే పాట ఆగకూడదు, పాట ఆగందే బరాత్ ఆగదు. హారతి పళ్లెం ముందునుంచి పెళ్లికొడుకు అట్లాగే దూసుకుపోయాడు. ముత్తయిదువ పళ్లెంతో సహా గిర్రున తిరిగి, "అయ్యో, ఎటు పోతున్నరు? పెండ్లి గిక్కడ!" అని అరిచింది. వీధి చివరిదాకా పోయి, అక్కడ దారి లేక మళ్లుకుని, అదే వేగంతో తిరిగి వచ్చాం. మామ క్లారినెట్ వదలకుండానే కనుబొమలతో నన్ను ఎన్ని తిట్లు తిట్టాలో అన్నీ తిట్టాడు. పెద్ద బూరాయన మొహం మందారం అయిపోయింది. నా చేతులు లాగేస్తున్నాయి, కోటు చేతులు జారి కర్రలకు అడ్డం పడుతున్నాయి. ఇంకో చుట్టు నా వల్ల కాదని నాకు తెలిసిపోయింది.

అప్పుడు గుర్రం మీదినుంచి నవ్వు వినబడింది. పెళ్లికొడుకు పడీ పడీ నవ్వుతున్నాడు. గుర్రం పందిరి పక్కగా రాగానే ఆయన గొడుగువాడి చేతిలోంచి జరీ గొడుగు గుంజుకుని, మామిడాకులు కట్టిన పందిరి గుంజను ఇంకో చేత్తో వాటేసుకుని, గుర్రం ముందుకు పోతుండగా, గుంజ మీదినుంచి సర్రున కిందికి జారాడు. నేలమీద నిలబడి, గొడుగు భుజాన పెట్టుకుని, ఈల వేశాడు. మెట్లెక్కుతున్నట్టు పైకి పైకి పోయే ఆ నాలుగు ముక్కలు!

ఆ ఈల వినగానే నా చేతిలో డోలు కర్రలు వాటంతటవే ఆగాయి. ఆ మొహాన్ని నేను అంతకుముందు సిమెంటు దుమ్ము లేకుండా చూడనే లేదు. ఆయన ఇంట్లో పడ్డ పని ఏమిటో అప్పుడు అర్థమైంది. మామకు ఒక్కసారి వింటే చాలు కదా. ఈల ఆగిన చోట క్లారినెట్ అందుకుంది, దాని వెనక ట్రంపెట్, దాని కింద పెద్ద బూర, గెలుపు పాట వికారాబాద్ వీధిలో ఇళ్ల కప్పుల దాకా లేచి, మొత్తంగా, తోకతో సహా, ముగిసింది. ముగిసీ ముగియగానే మా సైడ్ డ్రమ్మాయన, అలవాటు చావక, "గయా!" అని అరిచాడు. అది కొత్త రకం జేజే అనుకుని బరాత్ అంతా చేతులెత్తి "గయా!" అన్నది. పంతులు కూడా అన్నాడని ట్రంపెటాయన ఇప్పటికీ వాదిస్తాడు.

లగ్నం నిలబడింది. భోజనాల దగ్గర పటేల్ తాత మామ విస్తరి ముందు కర్ర పెట్టుకుని నిలబడి, "ఏనప్పా, వచ్చే నెల ఇంకో మనుమనిది ఉన్నది. జీపు గీపు వద్దు. గా ఉరికే పాట ఉండాలె" అన్నాడు. మామ తల ఊపాడే కానీ మాట రాలేదు, నోట్లో లడ్డూ ఉండటం వల్ల అని ఆయన చెప్పుకున్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "డోలు ఆపుమంటే ఎందుకు ఆపలేదురా?" అన్నాడు. "ఆపితే సావు పాట వస్తది గద మామా." ఆయన నా కోటు కాలరు సర్ది, "మా నాయన ఉంటే నీకు డోలు రాసిచ్చేటోడు" అన్నాడు. మా ఇంట్లో అంతకుమించిన బిరుదు లేదు. ఇద్దరం పెళ్లికొడుకు దగ్గరికి పోతే, ఆ మాట్లాడని మనిషి మొదటిసారి నాతో మాట్లాడాడు. "తమ్మీ, నాలుగు బాటల కాడనే గుర్తువట్టిన. గెలుపు పాట ఎప్పుడొస్తదా అని చూస్తున్న, ఎంతకూ రాకపాయె. అది నీకు రాదని యాదికొచ్చింది."

ఆ తర్వాత చాలా ఏళ్లు, లగ్నం ఆలస్యమవుతోందంటే చాలు, ఆడపిల్ల తండ్రులు మామ దగ్గరికి వచ్చి చెవిలో "జర ఛత్రీ పాట ఎత్తుకోండి మాస్టరూ" అనేవాళ్లు. జపాన్‌లో ఆ నలుగురి మేళం కూర్చినాయనకు తన పాటతో ఇక్కడ ఎన్ని లగ్నాలు నిలబడ్డాయో తెలియదు. ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చిచ్చాకు మాత్రం మామ ఒక పెళ్లి లడ్డూల పొట్లం తీసుకుపోయి ఇచ్చాడు. "నా 'గయా' కూడ వాయిస్తున్నరంట గద?" అని ఆయన గర్వపడ్డాడు.

ఇప్పుడు ఎర్ర కోట్లు లేవు, మామ లేడు, చిచ్చా గది ఉన్న చోట మొబైళ్ల దుకాణం ఉంది. మొన్న తాండూరులో ఒక పెళ్లికి పోతే పక్క కుర్చీలో ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. జుట్టు, కనుబొమలు, మీసం అన్నీ ఒకే బూడిద రంగు, అందుకే వెంటనే గుర్తుపట్టాను. ఈసారి అది సిమెంటు కాదు. డీజే హోరులో పెళ్లికొడుకు దోస్తులు గుమ్మం దగ్గరే ఎగురుతున్నారు, పంతులు గడియారం చూసుకుంటున్నాడు. సిమెంటన్న నా వైపు వంగి "ఏం తమ్మీ, వంద అందామా?" అన్నాడు. నేను కుర్చీ చేతి మీద వేళ్లతో ఛత్రీ కొట్టాను, ఉరికే నడకలో. ఆయన ఈల వేశాడు, పళ్లు కొన్ని లేక గాలే ఎక్కువ వచ్చింది. ఆ హోరులో ఎవరికీ వినబడలేదు, ఒక్కరూ కదల్లేదు. కదిలింది మా ఇద్దరి కాళ్లే. చేసేదేముంది, వచ్చిన నడకను ఆపడం మా ఇద్దరికీ రాదు కాబట్టి, లేచి గబగబా భోజనాల వైపు నడిచాం.